కంప్యూటర్‌కు అప్పగించిన పని: జరిగిందా, లేదా?



అటు జివతి, గడ్‌చాందూర్, రాజురా వైపు నుంచి వింటున్నవారికీ, ఇటు కెరమెరి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు నుంచి వింటున్నవారికీ ఈనాటి ప్రసంగంలో ఒక చిన్న సంగతి మనవి చేస్తాను. సంగతి చిన్నదే. కాని అది తప్పిపోతే కలిగే నష్టం చిన్నది కాదు. జిరాక్స్ దుకాణం నడిపేవారు, సేవా కేంద్రంలో దరఖాస్తులు నింపేవారు, బడిలో కంప్యూటర్ మీద లెక్కలు రాసేవారు, ఎరువుల దుకాణంలో ఖాతాలు చూసేవారు ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని వినండి. మధ్యలో కొన్ని అంకెలు చెబుతాను, అవి రాసుకోవలసి ఉంటుంది.

ముందుగా ఒక ఉదాహరణ అనుకుందాం. మాణిక్‌గఢ్ గుట్టల మీద జివతి తాలూకాలో ఒక సేవా కేంద్రం ఉంది. ఒకే కంప్యూటర్. ఆషాఢ శ్రావణాల్లో బడి పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు, కుల పత్రం, ఆదాయ పత్రం, మహారాష్ట్ర వైపు మనం దాఖ్లా అంటాం, అవన్నీ స్కాన్ చేసి ఆ కంప్యూటర్‌లోనే దాచారు. నడిపే అబ్బాయి తెలివైనవాడు. రోజూ రాత్రి 11 గంటలకు ఆ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి నకలు కావాలని కంప్యూటర్‌కు చెప్పిపెట్టాడు. మొదటి వారం రోజూ చూశాడు, నకలు అవుతున్నది. ఆ తర్వాత చూడడం మానేశాడు. పుష్య మాసంలో ఒక పొద్దున హార్డ్‌డిస్క్ పాడైంది. ఫరవాలేదు, నకలు ఉంది కదా అని పెన్‌డ్రైవ్ తెరిచాడు. అందులో చివరి ఫైలు ఆషాఢం నాటిది.

అయిదారు నెలలుగా ఆ పని జరగనే లేదు. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆ మాట చెప్పలేదు. ఇప్పుడేం కావాలి? కోలాం గూడెం నుంచి, లంబాడీ తండా నుంచి వచ్చి కాగితాలు ఇచ్చిన తల్లిదండ్రులు మళ్లీ రావాలి. అది పత్తి ఏరే కాలం. ఒక రోజు కూలి పోతుంది. గడువు దాటితే ఆ పిల్లకు ఆ ఏటి స్కాలర్‌షిప్పే పోతుంది.

తప్పు ఎక్కడ జరిగింది? దానిని ఎలా కనిపెట్టాలి? ముందే ఎలా పట్టుకోవాలి? ఇదే ఈనాటి మన విషయం.

శ్రోతలారా, కంప్యూటర్‌కు ఫలానా వేళకు ఫలానా పని చెయ్యమని ముందే అప్పగించి పెట్టడం కొత్త విషయం కాదు. పెద్ద సంస్థల్లో వాడే యూనిక్స్ కంప్యూటర్లలో 1970ల నాటికే క్రాన్ అనే ఏర్పాటు ఉండేది. మనం ఇళ్లలో, దుకాణాల్లో వాడే విండోస్‌కు 1995లో సిస్టమ్ ఏజెంట్ అనే పేరుతో ఇది వచ్చింది. విండోస్ 98 నాటికి టాస్క్ షెడ్యూలర్ అయింది. విస్టా కాలంలో దానిని కొత్తగా మలిచారు. ఇప్పుడు విండోస్ 10లోనూ, 11లోనూ ఉన్నది ఆ రూపమే.

ఇది ఎలా పనిచేస్తుందో మన రైతు సోదరులకు చెప్పనక్కరలేదు. మోటారుకు పెట్టే ఆటోస్టార్టర్ తెలుసు కదా! కరెంటు వచ్చిన వేళకు మనం బావి దగ్గర లేకపోయినా మోటారు దానంతట అదే నడుస్తుంది. ఇంట్లో నిశ్చింతగా పడుకోవచ్చు. కాని ఏ రైతైనా ఆటోస్టార్టర్ ఉంది కదా అని నెలల తరబడి చేను వైపు వెళ్లకుండా ఉంటాడా? ఉండడు. పొద్దున్నే వెళ్లి చివరి మడి తడిసిందా లేదా చూస్తాడు. ఎందుకంటే కరెంటు వచ్చినా ఫ్యూజు పోయి ఉండవచ్చు. మోటారు నడిచినా పైపు ఊడి ఉండవచ్చు. పైపు సరిగా ఉన్నా బావిలో నీళ్లు లేకపోవచ్చు. మోటారు మోగడం వేరు, మడి తడవడం వేరు. కంప్యూటర్ విషయంలోనూ అంతే. పని అప్పగించడం సగం, అది అందిందా అని చూడడం మిగతా సగం.

ఇది చిన్న ఊళ్లలో, తెలియనివాళ్లకు జరిగే పొరపాటు అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఏం జరిగిందో చూడండి. ప్రపంచంలో లక్షలాది ప్రోగ్రామర్లు తమ పనిని దాచుకునే చోటు అది. ఆ రాత్రి ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్ల సమాచారం పోయింది. రోజువారీ నకలు తీసుకుందామని వెతికితే అది లేదు. నకలు తీసే ప్రోగ్రామ్ పాత వెర్షన్ కావడంతో కొంతకాలంగా ఆ పని విఫలమవుతూనే ఉంది. విఫలమైనట్టు ఈమెయిల్ రావాలి. ఆ ఈమెయిళ్లనూ అవతలి సర్వర్ తిప్పికొట్టింది. అంటే పని ఆగింది, ఆగిందని చెప్పే గొంతు కూడా ఆగింది. అదృష్టం కొద్దీ ఒక ఉద్యోగి ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఉండబట్టి బయటపడ్డారు. ఆ సంస్థ ఈ సంగతులన్నీ దాచకుండా తానే లోకానికి వెల్లడించింది. అంతటి సంస్థకే అలా జరిగినప్పుడు, మన ఒక్క కంప్యూటర్ కేంద్రంలో జరగడంలో వింత లేదు.

సరే, ఇప్పుడు మన కంప్యూటర్ దగ్గరకు వద్దాం. స్టార్ట్ నొక్కి టాస్క్ షెడ్యూలర్ అని టైప్ చేయండి. తెరుచుకున్నాక ఎడమ వైపు టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ మీద నొక్కితే మధ్యలో పనుల జాబితా వస్తుంది. మీరు అప్పగించిన పని వరుసలో మూడు గడులు చూడండి. లాస్ట్ రన్ టైమ్, అంటే చివరిసారి ఎప్పుడు నడిచింది. నెక్స్ట్ రన్ టైమ్, అంటే మళ్లీ ఎప్పుడు నడవాలి. లాస్ట్ రన్ రిజల్ట్, అంటే చివరిసారి ఫలితం ఏమిటి. ఈ మూడు గడులు చదవడం వస్తే సగం రోగం తెలిసినట్టే.

ఇంకొకటి. కింద హిస్టరీ అనే భాగం ఉంటుంది. పని ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నది అందులో రాసి ఉంటుంది. చాలా కంప్యూటర్లలో ఇది మూసి ఉంటుంది. కుడి వైపు ఎనేబుల్ ఆల్ టాస్క్స్ హిస్టరీ అని కనిపిస్తే దాని మీద నొక్కండి. ఇందుకు అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. మందు వేసే ముందు నాడి చూసినట్టు, సరిచేసే ముందు దీనిని తెరవండి. అయితే ఇది తెరిచిన నాటి నుంచే రాస్తుంది, పాత సంగతులు చెప్పదు.

ఇక వరుసగా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. వేళకు కంప్యూటర్ మేలుకొని ఉందా? పని ఎవరి పేరు మీద నడుస్తున్నది? దానికి దారి తెలుసా? వెళ్లి పని పూర్తి చేసిందా? ఈ వరుస తప్పకండి. మోటారు నడవకపోతే ముందు కరెంటు చూస్తాం, ఆ తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత పైపు. మొదటే బావిలోకి దిగం కదా!

మొదటి ప్రశ్న, వేళకు కంప్యూటర్ మేలుకొని ఉందా?

రాత్రి 11 గంటలకు పని పెట్టి, 9 గంటలకే దుకాణం మూసి కంప్యూటర్ ఆపేసి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆపేసిన కంప్యూటర్ ఏ పనీ చేయదు. గుట్టల మీద వానాకాలం గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో మనకు తెలియనిది కాదు. అందుకు రెండు ఉపాయాలు. ఒకటి, పనిని మీరు కేంద్రంలో ఉండే వేళకు మార్చడం. మధ్యాహ్నం భోజనం వేళ మంచిది. రెండు, పని మీద రెండుసార్లు నొక్కి సెటింగ్స్ అనే భాగంలోకి వెళ్లండి. అక్కడ రన్ టాస్క్ యాజ్ సూన్ యాజ్ పాసిబుల్ ఆఫ్టర్ ఎ షెడ్యూల్డ్ స్టార్ట్ ఈజ్ మిస్డ్ అని ఒక వాక్యం ఉంటుంది. దాని పక్కన టిక్ పెట్టండి. వేళ తప్పితే వీలైనంత త్వరగా నడిపించు అని దాని అర్థం. అచ్చంగా మన ఆటోస్టార్టర్ గుణమే. టిక్ పెట్టాక పొద్దున్నే కంప్యూటర్ వేసి, వెంటనే నడవలేదేమిటని కంగారు పడకండి. తప్పిపోయిన పనిని మొదలుపెట్టే ముందు అది మామూలుగా పది నిమిషాలు ఆగుతుంది.

కంప్యూటర్‌ను పూర్తిగా ఆపకుండా స్లీప్‌లో, అంటే కునుకులో, ఉంచేవాళ్లకు కండిషన్స్ అనే భాగంలో వేక్ ద కంప్యూటర్ టు రన్ దిస్ టాస్క్ అనే టిక్ ఉంది. కునుకులో ఉన్నదానిని అది లేపుతుంది. పూర్తిగా ఆపేసిన దానిని లేపలేదు.

ల్యాప్‌టాప్ వాడేవాళ్లు అదే కండిషన్స్ భాగంలో మరొకటి చూడాలి. స్టార్ట్ ద టాస్క్ ఓన్లీ ఇఫ్ ద కంప్యూటర్ ఈజ్ ఆన్ ఏసీ పవర్ అని ఉంటుంది. గోడ కరెంటు ఉంటేనే పని మొదలుపెట్టు అని అర్థం. ఈ టిక్ ముందు నుంచే పెట్టి ఉంటుంది. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచే వేళ పని మొదలు కాదు. మధ్యలో కరెంటు పోతే ఆపమనే టిక్ కూడా దాని కిందే ఉంటుంది. పని చిన్నదైతే రెండు టిక్కులూ తీసెయ్యండి. యూపీఎస్ తీగను యూఎస్‌బీలో గుచ్చి ఉంటే డెస్క్‌టాప్ కంప్యూటర్ కూడా బ్యాటరీ మీద ఉన్నాననుకోవచ్చు. మామూలు ఇన్వర్టర్ అయితే ఈ ఇబ్బంది లేదు. అది కంప్యూటర్‌కు గోడ కరెంటులాగే కనిపిస్తుంది.

వేళ విషయంలో గడియారాన్ని మరిచిపోకూడదు. లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల వంటి ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. చాలా కంప్యూటర్లలో అది సీఆర్ 2032 రకం. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పినప్పుడు వెబ్‌సైట్లు కూడా భద్రత లేదంటూ తెరుచుకోవు. ఈ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే ముందు ఆ బ్యాటరీ మార్పించండి.

ఇంకో తప్పు టైమ్ జోన్. విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు అమెరికా పసిఫిక్ టైమ్ అలాగే ఉండిపోవచ్చు. శీతాకాలంలో దానికీ మనకూ పదమూడున్నర గంటల తేడా. మీరు రాత్రి 11 అనుకున్నది మన మరుసటి మధ్యాహ్నం పన్నెండున్నర అవుతుంది. గడియారాన్ని చేత్తో సరిదిద్దితే చాలదు. ఇంటర్నెట్ తగిలినప్పుడు అది మళ్లీ మారిపోతుంది. జోన్‌ను మార్చి చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నదానిని ఎంచుకోండి.

రెండవ ప్రశ్న, పని ఎవరి పేరు మీద నడుస్తున్నది?

సరిహద్దులో ఉన్న మనకు ఈ ప్రశ్న విలువ తెలుసు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లా నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో చేరింది. కెరమెరి, జివతి మధ్య ఉన్న పరందోళి, ముకదంగూడ, అంతాపూర్ వంటి గ్రామాల విషయంలో రెండు రాష్ట్రాలూ మాదంటే మాదని వచ్చాయి. ఒకే మనిషి దగ్గర రెండు వైపుల కార్డులు, ఒకే ఊళ్లో రెండు బడులు చూస్తూ వచ్చాం. ఏ గుమ్మంలో ఏ కార్డు చూపాలో తెలియకపోతే పని కాదు. కంప్యూటర్‌లోనూ ప్రతి పనికీ ఒక ఖాతా పేరు ఉంటుంది. ఆ పేరుకు ఉన్న హక్కులే ఆ పనికి ఉంటాయి. కూర్చుని చేత్తో చేస్తే అయ్యే పని రాత్రి తనంతట తాను ఎందుకు కాదు అని చాలామంది అడుగుతారు. చేత్తో చేసినప్పుడు మీ పేరు మీద అవుతుంది. రాత్రి వేరే పేరు మీద, లేదా మీ పేరుతోనే పాత పాస్‌వర్డ్‌తో, నడుస్తూ ఉండవచ్చు.

పని తెరిచి జనరల్ అనే భాగం చూడండి. అక్కడ రెండు దారులు ఉంటాయి. రన్ ఓన్లీ వెన్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ అంటే మీరు లాగిన్ అయి ఉన్నప్పుడే నడుస్తుంది. తెర తాళం వేసి ఉన్నా ఫరవాలేదు, నడుస్తుంది. కాని సైన్ అవుట్ అయి వెళ్లిపోతే నడవదు. రన్ వెదర్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ ఆర్ నాట్ అంటే మీరు లాగిన్ అయినా కాకపోయినా నడుస్తుంది. రాత్రి పనులకు ఈ రెండవదే కావాలి. దీనిని ఎంచుకుంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, దానిని లోపల దాచుకుంటుంది.

చిక్కు ఇక్కడే. మీరు ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చితే టాస్క్ షెడ్యూలర్‌కు ఆ సంగతి తెలియదు. పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు తడుతుంది, తలుపు తెరుచుకోదు. మనం మొదట అనుకున్న కేంద్రంలో జరిగింది ఇదే అనుకోండి. ఆషాఢంలో ఎవరో చూశారన్న అనుమానంతో ఆ అబ్బాయి పాస్‌వర్డ్ మార్చాడు. మార్చడం మంచి పనే. ఆ రోజు నుంచే నకలు ఆగిపోయింది. పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ, అప్పగించిన పనిని తెరిచి ఓకే నొక్కి, కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇది రాసుకోండి.

ఇక్కడ మరో రెండు మెలికలు ఉన్నాయి. లాగిన్ అయ్యేటప్పుడు నాలుగంకెల పిన్ కొడతారు కదా, ఆ పిన్ ఇక్కడ చెల్లదు. అసలు ఖాతా పాస్‌వర్డే ఇవ్వాలి. ఇక పాస్‌వర్డే పెట్టుకోని కంప్యూటర్లు మన వైపు చాలా ఉంటాయి. పాస్‌వర్డ్ లేని ఖాతాతో మనిషి ఎదురుగా కూర్చుని లాగిన్ కావచ్చు గాని, చాటున పని నడిపించడానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు. కాబట్టి పాస్‌వర్డ్ పెట్టండి. పదిమంది ఆధార్ కాగితాలు ఉన్న కంప్యూటర్‌కు అది ఎలాగూ అవసరమే.

మూడవ ప్రశ్న, పనికి దారి తెలుసా?

యాక్షన్స్ అనే భాగం తెరిస్తే ఏ ప్రోగ్రామ్ నడపాలో ఉంటుంది. ఆ ప్రోగ్రామ్‌ను మరో ఫోల్డర్‌లోకి జరిపారా, పేరు మార్చారా చూడండి. అదే చోట స్టార్ట్ ఇన్ అని ఒక గడి ఉంటుంది. చాలామంది దానిని ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు ప్రోగ్రామ్ మీ ఫోల్డర్‌లో కాకుండా విండోస్ సొంత ఫోల్డర్‌లో నిలబడి ఫైళ్ల కోసం వెతుకుతుంది, దొరకవు. అక్కడ మీ ఫోల్డర్ పూర్తి దారి రాయండి. ప్రోగ్రామ్ దారిలో పేర్ల మధ్య ఖాళీలుంటే దానికి కొటేషన్ గుర్తులు పెట్టాలి. స్టార్ట్ ఇన్ గడిలో మాత్రం పెట్టకూడదు. పెడితే పని విఫలమవుతుంది.

పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసేవాళ్లు దాని అక్షరం చూడండి. నిన్న ఈ డ్రైవ్ అయినది, ఇంకో పెన్‌డ్రైవ్ ముందు గుచ్చితే నేడు ఎఫ్ కావచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి దానికి జడ్ వంటి దూరపు అక్షరం ఒకటి కట్టబెడితే ఈ బెడద తగ్గుతుంది. బడిలో రెండు మూడు కంప్యూటర్లు కలిపి, పక్క కంప్యూటర్ ఫోల్డర్‌కు ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చుకుని ఉంటే, ఆ అక్షరం మీ లాగిన్‌లోనే కనిపిస్తుంది. చాటున నడిచే పనికి కనిపించదు. అక్షరానికి బదులు ఆ కంప్యూటర్ పేరుతో మొదలయ్యే పూర్తి దారి రాయాలి.

తేదీ పేరుతో రోజూ కొత్త ఫోల్డర్ కట్టే బ్యాచ్ ఫైళ్లు వాడేవారికి ఒక హెచ్చరిక. మన ఖాతాలో తేదీ రోజు, నెల, సంవత్సరం వరుసలో మధ్యలో చిన్న గీతతో ఉంటుంది. అదే పని సిస్టమ్ ఖాతా పేరు మీద నడిస్తే తేదీ అమెరికా పద్ధతిలో, మధ్యలో వాలు గీతలతో రావచ్చు. ఫోల్డర్ పేరులో వాలు గీత చెల్లదు. చేత్తో నడిపితే బ్రహ్మాండంగా పనిచేసిన ఫైలు రాత్రి కూలిపోవడానికి ఇది ఒక కారణం.

నాలుగవ ప్రశ్న, వెళ్లి పని పూర్తి చేసిందా?

ఇప్పుడు లాస్ట్ రన్ రిజల్ట్ గడిలోని అంకెలు చెబుతాను, నెమ్మదిగా రాసుకోండి. ముందు సున్నా ఎక్స్ అని ఉంటుంది, ఆ తర్వాతి అంకెలు ముఖ్యం.

0ఎక్స్0 అంటే లోపం లేకుండా ముగిసింది.
0ఎక్స్2 అంటే ఫైలు దొరకలేదు. దారి చూడండి.
0ఎక్స్41301 అంటే ఇప్పుడు నడుస్తూ ఉంది.
0ఎక్స్41303 అంటే ఇంతవరకు ఒక్కసారి కూడా నడవలేదు.
0ఎక్స్8007010బి అంటే ఫోల్డర్ పేరు తప్పు. స్టార్ట్ ఇన్ గడి చూడండి.
0ఎక్స్80070005 అంటే అనుమతి లేదు.
0ఎక్స్8007052ఈ అంటే పేరో పాస్‌వర్డో తప్పు.

వీటిలో 41301 గురించి ఒక మాట. పది నిమిషాల పని పొద్దున కూడా నడుస్తూనే ఉందంటే అది ఎక్కడో ఇరుక్కుంది. చాటున నడిచే పనికి తెర ఉండదు. పాత ఫైలు మీద కొత్తది రాయమంటారా, అవునా కాదా అని అది అడుగుతుంది. ఆ ప్రశ్న ఎవరికీ కనిపించదు, ఎవరూ జవాబివ్వరు. పైగా ముందు పని ముగియనిదే కొత్తది మొదలుపెట్టవద్దన్న నియమం ముందు నుంచే ఉంటుంది. మూడు రోజులు దాటితేనే దానిని ఆపమని గడువు. అంటే ఒక్క రాత్రి ఇరుక్కుంటే తర్వాతి రాత్రులు కూడా పోతాయి. సెటింగ్స్‌లో ఆ మూడు రోజుల గడువును ఒక గంటకు తగ్గించండి. బ్యాచ్ ఫైలులో ప్రశ్నలు అడగని పద్ధతిలో ఆజ్ఞలు రాయించుకోండి.

ఇక 0ఎక్స్1 సంగతి. మామూలుగా ఇది ఏదో లోపం జరిగిందని చెప్పే అంకె. కాని రోబోకాపీ అనే నకలు తీసే ఆజ్ఞ వాడితే 1 అంటే కొత్త ఫైళ్లు చక్కగా నకలు అయ్యాయని అర్థం. దాని లెక్కలో 8, ఆపైన వస్తేనే వైఫల్యం. కాబట్టి అదే అంకె ఒక చోట చెడు, మరొక చోట మంచి. అంకె చూసి మాత్రమే తీర్పు చెప్పకూడదు.

అంతకంటే ముఖ్యమైనది 0ఎక్స్0. ఇది చూసి నిశ్చింతగా ఉంటాం. కాని బ్యాచ్ ఫైలు సాధారణంగా తన చివరి ఆజ్ఞ ఫలితాన్నే పైకి చెబుతుంది. మధ్యలో నకలు తప్పి, చివరి ఆజ్ఞ సరిగా నడిస్తే సున్నాయే వస్తుంది. మోటారు మోగింది, మడి మాత్రం తడవలేదు. అందుకే అంకెలను నమ్మండి గాని, అంకెల దగ్గరే ఆగకండి. పెన్‌డ్రైవ్ తెరిచి చివరి ఫైలు తేదీ చూడండి. దానిలోంచి ఒక ఫైలు నిజంగా తెరిచి చూడండి.

శ్రోతలారా, పని ఆగినప్పుడు తొందరపడి చేసే రెండు పొరపాట్ల గురించి కూడా చెప్పాలి. ఒకటి, అనుమతి లేదన్నది కదా అని యాంటీవైరస్‌ను ఆపేయడం, ప్రతి పనికీ అన్ని హక్కులూ ఇచ్చేయడం. ఇంటి తాళం బిగుసుకుందని తలుపే ఊడదీసినట్టు అవుతుంది. ఏ ఫోల్డర్‌కు అనుమతి లేదో చూసి, ఆ ఒక్కదానికే ఇవ్వండి. రెండు, ఏమీ తోచక కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించడం. ఫార్మాట్ చేస్తే మీరు అప్పగించిన పనులన్నీ కూడా చెరిగిపోతాయి. ఎవరూ గుర్తు చేయరు. అందుకే ఇప్పుడే పని పేరు మీద కుడి మీట నొక్కి ఎక్స్‌పోర్ట్ అని ఒక చిన్న ఫైలుగా దాచుకోండి. ఫార్మాట్ తర్వాత ఇంపోర్ట్ చేసి, పాస్‌వర్డ్ మళ్లీ ఇస్తే సరిపోతుంది.

ఏది సరిచేసినా, సరిచేశాక పని పేరు మీద కుడి మీట నొక్కి రన్ అని చూడండి. అంతటితో ఆగకండి. ట్రిగర్స్ అనే భాగంలో వేళను అయిదు నిమిషాల తర్వాతకు మార్చి, సైన్ అవుట్ అయి, దూరంగా కూర్చోండి. మీరు లేని వేళ అది జరిగితేనే నిజంగా జరిగినట్టు. తర్వాత మళ్లీ పాత వేళకు మార్చండి.

ఇక ఎప్పటికీ గుర్తుండే ఒక పద్ధతి చెబుతాను. మీ ఊరి సంత వారానికి ఒకసారి వస్తుంది కదా! సంత రోజు పొద్దున, సంచి పట్టుకుని బయల్దేరే ముందు, రెండు నిమిషాలు నకలు చూడండి. చివరి ఫైలు తేదీ ఏమిటి? అది తెరుచుకుంటున్నదా? ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. అప్పుడు పని ఎప్పుడు ఆగినా నష్టం ఒక్క వారానిదే అవుతుంది, ఆరు నెలలది కాదు. వీలైతే రెండు పెన్‌డ్రైవ్‌లు ఉంచుకుని, సంత రోజున మార్చి, ఒకటి ఇంట్లో పెట్టండి. పిడుగు పడినా, వైరస్ వచ్చినా రెండూ ఒకేసారి పోవు.

మరొక్కసారి చెబుతాను. వేళకు మేలుకొని ఉందా? ఎవరి పేరు మీద? దారి తెలుసా? పని పూర్తి అయిందా? ఈ నాలుగు ప్రశ్నలూ రాసి కంప్యూటర్ పక్కన గోడకు అంటించండి. ఆ కంప్యూటర్‌లో ఉన్నవి మీ ఫైళ్లు మాత్రమే కావు. నమ్మి మీ చేతిలో కాగితాలు పెట్టి వెళ్లిన వాళ్లవి. వాళ్లు రెండోసారి నడిచి రాకుండా చూడడం మన చేతిలో ఉంది.